జిల్లేడు గట్టు మీద ఆరు దినాలు

మునిలక్ష్మమ్మను మంచి మనిషి అని ఊళ్ళో ఎవరూ అనరు. పనిమంతురాలు అంటారు, ఆ మాట కూడా కొంచెం వెనకాడి అంటారు. తోడికోడలు చిన్నక్కతో ఆమెకు పదకొండేళ్ళుగా మాటలు లేవు. కారణం ఒక పిండి జల్లెడ. అరువు తీసుకున్న జల్లెడను చిరుగుతో తిరిగి ఇస్తూ, ఆ చిరుగు ముందే ఉందని చిన్నక్క అన్నది. జల్లెడ పాడైనందుకు కాదు, తాను చూసినదాన్ని చూడలేదని అనిపించబోయినందుకు మునిలక్ష్మమ్మ మాట మానేసింది. ఆమెలోని మొండితనమంతా ఈ ఒక్క చోటు నుంచే పుట్టింది. తన కళ్ళు చూసినది జరిగింది. జరగలేదని ఇంకొకరు అనడానికి వీల్లేదు.

ఆమె పుట్టింది బంగారు గనుల ఊళ్ళో, మారికుప్పం దగ్గరి గనికూలీల లైను ఇళ్ళలో. తండ్రి దాసప్ప పుంగనూరు పక్క పల్లె నుంచి వచ్చి గనిలో చేరినవాడు. ఆమె పుట్టేసరికి దొరలు వెళ్ళిపోయి గనులు సర్కారువి అయ్యాయి. బోర్డుల మీద పేర్లు మారాయి గాని షిఫ్టు సైరను మారలేదు. ఇంటి వెనక నిలబడితే సైనైడ్ దిబ్బలు కనిపించేవి. రాతిని పిండిగా కొట్టి, మందునీళ్ళతో బంగారం లాగేశాక మిగిలిన తెల్లని ఇసుక అది, గుట్టలు గుట్టలుగా. దాని మీద గడ్డి మొలిచేది కాదు. మేకలు అటు పోతే పెద్దవాళ్ళు కేకలేసి వెనక్కి మళ్ళించేవారు. దిబ్బల అంచున మొలిచి నిలిచింది ఒక్క జిల్లేడే. ఆ జిల్లేడు మీద ఎండాకాలంలో మిడతలు వాలి ఉండేవి.

పసుపుపచ్చని ఒంటి మీద నీలం పట్టీలు. మీసాలకు సైతం ఒక కణుపు నీలం, ఒక కణుపు పసుపు. రెక్క విప్పితే లోపల ఎరుపు. పిల్ల మిడతలకైతే లేత పచ్చని ఒంటి నిండా నల్లని, ఎర్రని చుక్కలు. తక్కిన మిడతల్లాగా అవి అడుగుల చప్పుడుకు ఎగిరిపోవు, ఆకు చాటుకు జరగవు. తినేది విషపు ఆకు. ఆ విషాన్ని ఒంట్లోనే నిలవ చేసుకున్న జీవికి దాక్కోవలసిన అవసరం లేదు. రంగే దాని హెచ్చరిక. లైనులోని ఒక కోడి మిడతను మింగి, మరుక్షణం కక్కి, ముక్కును నేలకేసి రాసుకోవడం ఏడేళ్ళ మునిలక్ష్మమ్మ చూసింది. ఇంకొకసారి తానే ఒక పిల్ల మిడతను వేళ్ళ మధ్య పట్టుకుంటే అది చివ్వున రసం చిమ్మింది. కన్ను రెండు రోజులు వాచింది. దాసప్ప ఆ కన్ను కడుగుతూ కూతుర్ని తిట్టలేదు. అది ముందే రంగు చూపించి చెప్పింది, నువ్వే వినలేదు అని మాత్రం అన్నాడు.

వినడం గురించి దాసప్పకు తెలుసు. గని లోపల, భూమికి మైళ్ళ లోతున, రాయి విరిగిపడే ముందు ఒక చిన్న చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు అందరికీ ఒకేసారి వినపడదు. అందుకని అతని గుంపులో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా సరే, నిన్న చేరినవాడైనా సరే, 'ఆపు' అంటే అందరి చేతులూ అక్కడికక్కడ ఆగాలి. ఎందుకని అడగడం తర్వాత. అన్నవాడు పొరబడి ఉంటే నవ్వుకోవడం ఇంకా తర్వాత. రాత్రి భోజనాల దగ్గర దాసప్ప ఈ సంగతి చెప్పేటప్పుడు ప్రతిసారీ చేతిలోని ముద్దను గాలిలో ఆపి చూపించేవాడు. లోకమంతా ఇలాగే నడుస్తుందని అతని కూతురు నమ్మింది. పిల్లల నమ్మకాలలో ఎక్కువ కాలం హాని చేసేవి ఇలాంటివే.

ఇరవై ఏళ్ళకు ఆమెను బేతమంగళకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లెలో ఇచ్చారు. భర్త రామాంజినప్ప నెమ్మది మనిషి. అడిగినవాళ్ళు ఏది అడిగినా తల ఊపుతాడు. ఆ ఊపుకు అవునని అర్థమో, విన్నానని అర్థమో కట్టుకున్న భార్యకు కూడా ముప్పై అయిదేళ్ళలో తేలలేదు. ఎకరన్నర మల్బరీ తోట, రెండు ఆవులు, పట్టుపురుగులు పెంచే పొడుగాటి గది ఒకటి. ఆ పని ఆమె అత్త దగ్గర నేర్చుకుని అత్తను మించింది. తోట పడమటి గట్టు పొడుగునా జిల్లేడు ఉండేది. దాన్ని కొట్టేద్దామని భర్త అప్పుడప్పుడూ అనేవాడు. ఆమె కొట్టనివ్వలేదు. పుట్టింటి నుంచి ఆ ఊళ్ళో ఆమెకు తెలిసిన ముఖం అదొక్కటే. ఏటా వేసవిలో ఆ గట్టు మీదికి మిడతలు వచ్చేవి. జానెడు దూరంలో మల్బరీ లేత చిగుళ్ళు వేసి ఉండేది. ఒక్క మిడత అటు తిరిగి చూసేది కాదు. మరీ ఆకలేస్తే అవి ఇంకో ఆకు కొరుకుతాయేమో, చెప్పలేము. యాభై ఏళ్ళలో ఆమె మాత్రం చూడలేదు.

రోగభయంతో దారులన్నీ మూసేసిన వేసవి అది. బస్సులు లేవు. పక్క ఊరివాడు వస్తే ఊరి మొగదల ముళ్ళకంప అడ్డం వేసేవారు. జనం ఇళ్ళలో కూర్చుని టీవీ చూశారు. టీవీలో ఉత్తరాదిన ఎక్కడో మిడతల దండు పొలాల మీద వాలడం రోజుకు పదిసార్లు చూపించారు. ఆ వారమే పంచాయతీ మెంబరు వెంకటేశప్ప, తన టమాటా తోటకు పోతూ, మునిలక్ష్మమ్మ గట్టు మీద రంగురంగుల మిడతలను చూశాడు. ఫోనులో బొమ్మ తీసి అందరికీ పంపాడు. సాయంత్రానికి చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో ఆ బొమ్మ తిరిగింది. తాలూకా ఆఫీసుకు ఫోను చేస్తే అక్కడెవరో, చూడకుండానే, అనుమానముంటే మందు కొట్టుకోండి అన్నారట.

ఆ పూట పాల డెయిరీ ముందు జనం చేరారు. క్యాను చేత్తో పట్టుకుని మునిలక్ష్మమ్మ కూడా అక్కడే ఉంది. ఆమె గదిలో పురుగులు నాలుగో జ్వరం లేచి రెండో రోజు. పురుగు పొర విడవడానికి తిండి మాని పడుకోవడాన్ని ఆ ప్రాంతపు రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు వారం రోజులు ఆపకుండా తింటుంది, ఆ తర్వాత పండి, చంద్రికె అనే వెదురు తడిక మీదికెక్కి గూడు కడుతుంది. తినే ఆ వారంలో ఆకుకు ఏం తగిలినా అది పురుగుకు తగులుతుంది. పురుగులున్న గదిలో ఊదొత్తి వెలిగించరు, బీడీ తాగినవాణ్ణి గడప దాటనివ్వరు. అలాంటప్పుడు తోట గట్టు మీద టమాటాలకు కొట్టే మందు కొడతామంటున్నారు.

అవి జిల్లేడు మిడతలని, టీవీలో చూపించే మిడత వేరని ఆమె చెప్పింది. దాని రంగు వేరు, తీరు వేరు, ఇది జిల్లేడు విడిచి పోదని చెప్పింది. నీకెట్లా తెలుసని వెంకటేశప్ప అడిగాడు. చిన్నప్పటి నుంచి చూశానంది.

"చూసినావు సరే అక్కా, వాటికి బారసాల కూడా నువ్వే చేసినావా? పేర్లన్నీ చెప్తా ఉండావు" అన్నాడు అంజినప్ప. అతను మందుపంపు బాడుగకు తిప్పేవాడు. జనం నవ్వారు.

ఆమె నవ్వలేదు. ఇంటికి పోయి, పురుగులకు వాడే పాత తట్ట ఒకటి తెచ్చింది. గట్టు మీద ఇరవై మిడతలను గుడ్డతో పట్టి తట్టలో వేసింది. ఒక పక్క మల్బరీ కొమ్మ, ఒక పక్క టమాటా కొమ్మ, వాటి పక్కన లేత రాగి పైరు, నడిమధ్య ఒకే ఒక జిల్లేడు ఆకు పెట్టి, పైన పట్టుపురుగులను చంపే ఊజీ ఈగ రాకుండా కట్టే వల బిగించింది. తట్టను డెయిరీ అరుగు మీద, అందరూ చూసేచోట పెట్టి పోయింది. మర్నాడు పాలు పోసే వేళకు జిల్లేడు ఆకు ఈనెలు మాత్రం మిగిలాయి. తక్కిన మూడూ వాడిపోయి, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

జనం వంగి చూశారు. కొందరు తల పంకించారు. చివరికి వెంకటేశప్ప, అవి బెదిరిపోయి తినలేదన్నాడు.

"ఇంతమందిమి నిలబడి చూస్తా ఉంటే మనమైనా ముద్ద మింగుతామా?" అన్నాడు అంజినప్ప.

చూసి తెలుసుకున్నదాన్ని ప్రత్యక్షమనీ, నమ్మదగినవాడు చెప్పగా తెలుసుకున్నదాన్ని ఆప్తవాక్యమనీ పాతకాలపు తార్కికులు విడదీశారు. ఈ రెండింటి మధ్య తగవు వస్తే ఏది గెలవాలన్న దాని మీద వాళ్ళు ఎన్నో పుటలు వాదించుకున్నారు. డెయిరీ అరుగు ముందు ఆ వాదం ఒక్క నిమిషంలో తేలిపోయింది. తట్ట కళ్ళెదుట ఉంది. మాట ఎక్కడో దూరాన, ఆఫీసులో, ముఖం లేని నోటి నుంచి వచ్చింది. మాటే గెలిచింది. భయంలో ఒక సుఖం ఉంది. అది మనిషికి ఆలోచించే పని తప్పిస్తుంది, పైగా ఏదో చేస్తున్నామన్న తృప్తి ఇస్తుంది. ఆ సుఖాన్ని ఒక ఆడమనిషి తట్ట చూపించి లాగేసుకుంటానంటే ఎవరు ఊరుకుంటారు?

అప్పుడు మునిలక్ష్మమ్మ వాదించడం మానేసింది. ఒకటే అడిగింది.

"ఇంగ ఆరు దినాలు ఆగండప్పా. పురుగు చంద్రికె ఎక్కేదాకా. ఆపైన గట్టు తగలబెట్టుకున్నా నేను అడగను."

సరే చూద్దాంలే అన్నాడు వెంకటేశప్ప. ఆమె దాన్ని మాట ఇచ్చినట్టుగా తీసుకుని ఇంటికి వెళ్ళింది. తట్టను వాకిట్లో అరుగు మీద పెట్టి, కొత్త జిల్లేడు ఆకు వేసింది.

మరుసటి రోజు పొద్దున్నే పురుగులకు మొదటి మేత వేస్తోంది. పురుగులు ఆకు కొరికే చప్పుడు గది నిండా ఉంది. దాని మీదుగా పంపు మోత వినిపించింది. తర్వాత వాసన వచ్చింది. ఆమె చేతిలోని కొమ్మలు పడేసి పరుగెత్తింది. ట్రాక్టరు మీద డ్రమ్ము, దాని వెంట గొట్టం పట్టుకుని అంజినప్ప, పక్కన ముక్కుకు తువ్వాలు కట్టుకున్న వెంకటేశప్ప. గాలి పడమటి నుంచి తూర్పుకు, గట్టు మీదుగా నేరుగా తోటలోకి వీస్తోంది. తెల్లని తుంపర మల్బరీ వరసల మీద దిగుతోంది.

"ఆపు" అన్నది ఆమె. అరవలేదు. తండ్రి దగ్గర విన్నట్టే, గట్టిగా, ఒక్కసారి అన్నది.

అంజినప్ప చెయ్యి ఆగింది. ఆ మాట అతను విన్నాడు, ఆగాడు. ఆ తర్వాత వెంకటేశప్ప వైపు చూశాడు. వెంకటేశప్ప చెయ్యి ముందుకు ఊపాడు. గొట్టం మళ్ళీ లేచింది. ఆ క్షణాన్ని మునిలక్ష్మమ్మ తర్వాత చాలాసార్లు తలచుకుంది. వాళ్ళకు వినపడకపోవడం కాదు అది. విన్న చెయ్యి, ఆగడమెలాగో తెలిసిన చెయ్యి, ఆగవచ్చా అని ఇంకొకణ్ణి అడిగింది.

పురుగులు గదిలో ఉండగా అనుమానమున్న ఆకును నేరుగా వెయ్యరు. ముందు పది పురుగులకు వేసి చూస్తారు. ఆమె గట్టు నుంచి దూరంగా, తూర్పు కొసన ఉన్న వరసలో ఆకు కోసి, పది పురుగులను వేరే తట్టలో పెట్టి వేసింది. రెండు గంటలయ్యాక పురుగులు తలలు ఎత్తి అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాయి. నోటి నుంచి పచ్చని నీళ్ళు కారాయి. వేలెడు పురుగు కుంచించుకుపోయి సగం పొడుగయింది. రామాంజినప్ప ఆకు కడిగి చూద్దామన్నాడు. కడిగి వేశారు. కడిగిన ఆకు తిన్నవి సాయంత్రం దాకా ఉండి చచ్చాయి. కడగడం వల్ల వాటికి దక్కింది ఆ ఒక్క పూట.

అప్పుడు ఆమె భర్తను అడిగింది, ఆరు రోజులు ఆగుతామన్నవాళ్ళు ఎందుకు ఆగలేదని. అతను గోడ వైపు తిరిగాడు. నిన్న సాయంత్రం వెంకటేశప్ప దారిలో కనబడి, పొద్దున గాలి తక్కువగా ఉంటుంది గదా, కొట్టేస్తే పోతుంది గదా అన్నాడని చెప్పాడు.

"నువ్వేమన్నావు?"

"నేనేమీ అనలా."

"తల ఊపినావు."

అతను దానికి కూడా తల ఊపాడు. ఆమె లేచి మిగిలిన ఆకు ఎంతుందో చూడటానికి పోయింది. కసురుకుని ఉంటే అతనికి సులువుగా ఉండేది.

దారులు మూసి ఉండగా బయటి ఊళ్ళ నుంచి ఆకు తెప్పించే మార్గం లేదు. తడి గోనెల కింద దాచిన ఆకు రెండు మేతలకు సరిపోతుంది. రెండు మైళ్ళ అవతల శ్రీనివాసప్పకు తోట ఉంది, మందు సోకనిది. ఆమె నడిచి పోయి, ముళ్ళకంప ఇవతలే నిలబడి అడిగింది. అతని గదిలోనూ పురుగులున్నాయి. అతను లోపలికి పోయి భార్యతో మాట్లాడి వచ్చి, మూడో వంతు పురుగులకు సరిపడా ఆకు ఇస్తానన్నాడు. అంతకుమించి ఇస్తే తన పురుగులు పస్తుంటాయని కూడా చెప్పాడు. అది గొప్ప దానమేమీ కాదు. కానీ ఆ వారంలో ఆమెతో సూటిగా మాట్లాడిన మొదటి మనిషి అతనే.

మూడింట ఒక వంతు. ఏవి ఉండాలి, ఏవి పోవాలి అని ఎంచడానికి ఏ న్యాయమూ లేదు. అన్నీ ఒకే రోజు పొదిగినవి, ఒకే చేత్తో పెరిగినవి. ఆమె మూడు అంతస్తుల మంచెలో అడుగు అంతస్తును ఉంచుకుంది. అది తన చేతికి దగ్గరగా ఉంటుందని, అంతే. పై రెండు అంతస్తుల పురుగులకు దాచిన ఆకును రెండు మేతలుగా వేసింది. మూడో మేత వేళకు అవి తలలెత్తి వెతికాయి. ఆకలితో మెల్లగా చావనివ్వడమా, విషపు ఆకు వెయ్యడమా అన్నది ఆమె ముందున్న ప్రశ్న. రెండూ చెయ్యలేదు. పొలంలో గుంత తవ్వించి, సున్నం చల్లి, తట్టలతో తెచ్చి తానే పోసింది. రామాంజినప్ప మన్ను కప్పాడు. ఆ రోజు నుంచి గదిలో ఆకు కొరికే చప్పుడు మూడో వంతే. మనిషి గడప దగ్గర నిలబడి చెవి పెడితే గాని వినపడేది కాదు.

ఆమె అడిగిన ఆరింటిలో నాలుగో రోజున తాలూకా నుంచి ఒక అధికారి వచ్చాడు. డెయిరీ ముందు నిలబడి, అవి జిల్లేడు మిడతలని, టీవీలో చూపించే మిడత వేరని, ఇవి జిల్లేడు విడిచి పోవని, పంటలకు భయం లేదని చెప్పాడు. మాటకు మాట అవే మాటలు. జనం అవునవునన్నారు. కొందరు మొదటి నుంచి తమకూ అదే అనుమానమన్నారు. అధికారికి చూపించడానికి ఒక్క మిడత కావలసి వచ్చింది. గట్టు మీద జిల్లేడు మాడిపోయి ఉంది, కింద మిడతలు రంగు వెలిసి చీమలు పట్టి ఉన్నాయి. అప్పుడు వెంకటేశప్పే దారి చూపించాడు. అక్క దగ్గర తట్టలో ఉండాయి సార్ అని చెప్పి వెంటబెట్టుకుని తీసుకొచ్చాడు.

తట్ట అరుగు మీదే ఉంది. మునిలక్ష్మమ్మ వల విప్పింది. పిల్లలైనా పెద్దలైనా ఆ మిడతను పట్టబోతే చేతికి గుడ్డ చుట్టుకోమని ఆమె ఎప్పుడూ చెప్పేది. ఆ రోజు చెప్పలేదు. అధికారి రెండు వేళ్ళతో ఒక పిల్ల మిడతను ఎత్తాడు. చివ్వున చిమ్మిన రసం అతని తెల్ల చొక్కా మీద పడింది. అతను ఉలిక్కిపడి వదిలేశాడు. ఆమె దాన్ని గుడ్డతో తీసి మళ్ళీ తట్టలో వేసింది.

చొక్కా తుడుచుకుంటూ, మీరు చెప్పిందే నిజమమ్మా అన్నాడతను, మర్యాదగానే.

"అది నాకు తెలుసప్పా. మీరు చెప్పాల్సింది నాకు గాదు, వాళ్ళకు. ఈ దినం గాదు, ఆ దినం."

అధికారి వెళ్ళాక వెంకటేశప్ప వాకిట్లోనే నిలబడిపోయాడు. చెడ్డవాడు కాదు. అతని టమాటాలు కూడా ఆ వేసవి కొనేవాళ్ళు లేక తోటలోనే కుళ్ళాయి. తెలియక జరిగిపోయిందక్కా, మనసులో పెట్టుకోవద్దు అన్నాడు.

"తెలీక గాదు వెంకటేశప్పా. నేను చెప్పినాను, తట్ట పెట్టి చూపించినాను. నేను చెప్తే మీకు తెలిసినట్టు గాదు. అదే వాడు చొక్కా వేసుకుని వచ్చి చెప్తే తెలిసింది. తెలీదని మాత్రం అనొద్దు." అదే గొంతుతో ఇంకో మాట అన్నది. "నేను అడిగింది తోట గాదు, పొలం గాదు. ఆరు దినాలు."

అతను వెళ్ళిపోయాడు.

ఆరో రోజున పురుగులు పండాయి. ఒళ్ళు పసుపు తిరిగి, మేత మాని, తలలెత్తి దారం పట్టడానికి చోటు వెతికాయి. పండిన పురుగులను ఏరి చంద్రికెల మీద వేస్తారు. గూడు కట్టేటప్పుడు గాలి తగలాలని చంద్రికెలను వీధి గోడకు ఆనించి నిలబెడతారు. ఊళ్ళో ఎవరింట పంట ఎలా వచ్చిందో చెప్పనక్కర లేదు. పాలు పోయడానికి పోయేవాళ్ళు నడక నెమ్మది చేసి, గోడవారన నిలబెట్టిన చంద్రికెలు చూస్తారు. చుట్లు చుట్లుగా తెల్లని గూళ్ళు కనబడితే ఒక మంచి మాట అని పోతారు. పంట పోయినవాళ్ళు ఖాళీ చంద్రికెలను చప్పుడు లేకుండా అటక మీదికి ఎక్కిస్తారు. ఖాళీ చంద్రికెను వీధిలో పెట్టడం ఆ ఊళ్ళో ఎవరూ చెయ్యని పని.

మునిలక్ష్మమ్మ ముప్పై మూడు చంద్రికెలూ వీధి గోడకు నిలబెట్టింది. పదకొండింటి మీద పురుగులున్నాయి. తక్కిన ఇరవై రెండు, వాటి పక్కనే, బోసి వెదురు చుట్లతో వీధి వైపు తిరిగి ఉన్నాయి. రామాంజినప్ప బయటికి వచ్చి చూసి, లోపల పెడతానని ఒకదాన్ని ఎత్తాడు.

"ఉండనీ" అన్నది.

అతను దించాడు.

ఆ సాయంత్రం పాల వేళకు జనం ఆ గోడ ముందు నుంచే పోయారు. నడక నెమ్మది చేయడం అలవాటు కాబట్టి చేశారు, చూశాక తొందరపెట్టారు. అంజినప్ప క్యాను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, తల వంచుకుని పోయాడు. వెంకటేశప్ప రెండో రోజు నుంచి చేను గట్టు వెంబడి, చుట్టూ తిరిగి డెయిరీకి పోవడం మొదలుపెట్టాడు. చిన్నక్క ఒకసారి తన వాకిట్లో నిలబడి చాలాసేపు చూసి లోపలికి పోయింది. గూళ్ళు విడిపించాక పదకొండు చంద్రికెలను మునిలక్ష్మమ్మ కడిగి అటక మీద పెట్టింది. ఇరవై రెండింటిని ముట్టలేదు. అవి వీధిలోనే ఎండాయి, మొదటి వానకు తడిసి నల్లబడ్డాయి.

ఆ వానకే మాడిన జిల్లేడు మోళ్ళ మొదట్లో బూడిదపచ్చని చిగుళ్ళు లేచాయి. అరుగు మీది తట్టలో, ఆమె వేరే చోటు నుంచి తెచ్చి వేసిన జిల్లేడు ఆకు మేసి, తొమ్మిది మిడతలు మిగిలి ఉన్నాయి. వాటిని ఆమె గట్టు మీద వదిలి వచ్చింది. ఎగిరిపోతాయేమోనని ఒక క్షణం ఆగి చూసింది. అవి ఎక్కిన చిగురు మీదే, ఎప్పటిలాగా దాక్కోకుండా కూర్చున్నాయి.

డెయిరీ దగ్గర ఎవరో పై ఊరి మనిషి, దారులు తెరిచాక పశువుల బేరానికి వచ్చినవాడు, ఆ ఇంటి ముందు ఖాళీ చంద్రికెలు వానలో వదిలేశారు, ఎవరూ లేరా అని రామాంజినప్పనే అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పాలక్యాన్ల వైపు చూపు దించుకున్నారు. రామాంజినప్ప తల ఊపలేదు.

"ఉండారు. ఆరు దినాలు ఆగమంటే మేము ఆగలేదు. అందుకు పెట్టింది" అన్నాడు.

'మేము' అన్న ఆ మాటను అతను మార్చుకోలేదు.